మంద వెనక నడిచిన బడి

మడకశిర
2 డిసెంబరు 1980

మేనకోడలు ఆంజినమ్మకు,

మీ కదిరమ్మత్త బుగ్గ గిల్లి రాస్తున్న జాబు ఇది. గిల్లడానికి నువ్వు దగ్గర లేవు గనక మీ అమ్మను అడిగి గిల్లించుకో.

మొన్న నేను మీ ఊరొచ్చిన సాయంత్రం నువ్వు గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని, కూర్చున్నదానివి కూర్చున్నట్టే నిద్రపోయావు. అందుకే మేం పెద్దవాళ్లం ఏం మాట్లాడుకున్నామో నీకు తెలియదు. చెబుతాను విను. ఈ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఊళ్లో గడ్డిపోచ లేదు. మీ నాయన మందను తుంగభద్ర కాలువల వైపు తోలుకుపోక తప్పదు. కరువొస్తే అది ఎప్పుడూ ఉన్నదే. పోయినసారి వరకు నిన్ను ఊళ్లో పెట్టుకుని బడికి పంపడానికి అవ్వ ఉండేది. భాద్రపదంలో అవ్వ పోయింది. నిన్ను నా దగ్గర వదలమని మా తమ్ముణ్ణి అడిగాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "గొర్రెలు ఈనే కాలం గదక్కా. పుట్టిన పిల్లల్ని ఎత్తుకోని నడిచేదానికి మనిషి కావల్ల. వాళ్లమ్మకు సంకలో చంటిది ఉండాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా కుడికాలు పుట్టుకతోనే పొట్టి. మంద వెంట నడవలేనని మా నాయన నన్ను బడిలో పడేశాడు. నడవలేనిదాన్ని గనక నేను టీచరునయ్యాను. నువ్వు చక్కగా నడుస్తావు గనక నీకు బడి లేదంటే నేను ఒప్పుకుంటానా? వాణ్ణి లేవదీసి మీ బడి గంగాధరప్ప సారు దగ్గరకు తీసుకుపోయాను. సారు మంచివాడు. ఐదో తరగతి రిజిస్టరులో నీ పేరు కొట్టేయనన్నాడు. ఉగాది దాటాక జరిగే పరీక్షకు నువ్వు వచ్చి కూర్చోవాలి. పాసైతే కల్యాణదుర్గంలో ఆడపిల్లల హాస్టలుకు నీ పేరు రాస్తాడు. తప్పితే ఇక అంతే. మీ నాయన మళ్లీ బడి మాట ఎత్తనివ్వడు, నువ్వు బతుకంతా పొట్టేళ్ల వెనకే.

"అంతవరకు ఇంటి దగ్గర చదివించండి" అన్నాడు సారు. మీ నాయన నవ్వాడు. "మా ఇల్లే నడుస్తాంటే ఇంటికాడ యాడ చదువుతాది సారూ" అన్నాడు. సారుకు జవాబు దొరకలేదు. నాకు దొరికింది.

మీ నాయన ఏ ఊళ్లో ఎవరి చేలో మంద నిలుపుతాడో అడిగి రాసుకున్నాను. పోయిన ప్రతిసారీ ఎరువు కోసం పిలిచే రైతులే గదా. బెళుగుప్పలో హనుమంతరాయుడు, ఉరవకొండ దాటాక సుంకప్ప, కాలువ కింద యేసన్న. మీకంటే ముందే నా జాబు వాళ్ల ఇళ్లకు చేరి ఉంటుంది. ప్రతి జాబులో ఒక పాఠం ఉంటుంది. నీ సంచిలో తెలుగు వాచకం, లెక్కల పుస్తకం, పలక, రెండు పెన్సిళ్లు, నా విలాసం రాసిన ఇన్‌లాండ్ కవర్లు పెట్టాను.

మొదటి పాఠం: నీ చుట్టూ ఏం కనబడుతుందో రాసి పంపు. మనుషుల మాట వాళ్లు ఎట్లా అన్నారో అట్లాగే రాయి, తక్కినదంతా పుస్తకంలో ఉన్నట్టు రాయి. పదిహేనో ఎక్కం కూడా రావాలి.

నువ్వు పలకను ఉమ్మితో తుడుస్తావని తెలిసినా మానమని చెప్పని
కదిరమ్మత్త


బెళుగుప్ప
14 డిసెంబరు 1980

కదిరమ్మత్తకు ఆంజినమ్మ దండం పెట్టి రాస్తున్నాను.

బుగ్గ అమ్మ గిల్లలేదు. చెల్లెలు కొరికింది.

మేము పొద్దున లేచి నడుస్తాము. ముందు పొట్టేలు పోతుంది, దాని వెనక మంద పోతుంది, పక్కన నాయన పోతాడు. ఓబన్న మంద కూడా మాతోనే ఉంది. ఓబన్న పాటలు పాడతాడు గానీ అన్నీ సగమే వచ్చు. నా జోలెలో ఎప్పుడూ ఒక పిల్లో రెండు పిల్లలో ఉంటాయి. అవి నా పొట్ట మీద కాళ్లు ఆడిస్తూ నిద్రపోతాయి. వాటిని చూస్తే నాకూ నిద్ర వస్తుంది.

అత్తా, నేను నడుస్తూనే నిద్రపోవడం నేర్చుకున్నాను. మధ్యాహ్నం ఎండకు కళ్లు మూతలు పడతాయి. నాయన కంబళి కొస పట్టుకుంటే కాళ్లు వాటంతట అవే పోతాయి. అప్పుడు పొట్టేలు మెడలో గంట మోగుతుంది. అది నాకు బడి గంటలాగే వినబడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే బడి నడిచి వస్తూ ఉంటుంది. గంగాధరప్ప సారు బల్లను నెత్తిన పెట్టుకుని ఉంటాడు. నల్లబల్ల పక్కన నడుస్తూ ఉంటుంది. గోడలు బరువు గదా, అవి మెల్లగా వస్తాయి. నేను ఆగితే బడి ఆగుతుంది. కళ్లు తెరిస్తే ఏమీ ఉండదు, దుమ్ము ఉంటుంది. నాయనకు చెబితే, "రానీలేమ్మా, దానికీ ఊర్లో నీళ్లు ల్యావు గదా" అన్నాడు.

దూరంగా దారిలో నీళ్లు మెరుస్తాయి. పోయి చూస్తే ఉండవు. గొర్రెలు ఆ నీళ్ల వైపు చూడవు. నేనే ప్రతిసారీ చూస్తాను.

నీ జాబు హనుమంతరాయుడు తాత నా చేతికిచ్చాడు. సాయంత్రం మంద చేరాక అందరూ చుట్టూ కూర్చుంటే నేను పెద్దగా చదివాను. "మా ఇల్లే నడుస్తాంటే" అన్న చోట ఓబన్న మూడుసార్లు చదివించుకున్నాడు. నాయన ఏమీ తెలియనట్టు మీసం దువ్వుకున్నాడు. తర్వాత అమ్మతో, "మా అక్క జాబులో నేనుండాను సూడు" అన్నాడు.

పదిహేనో ఎక్కం వచ్చింది. లెక్కల పుస్తకంలో అన్నీ నారింజపండ్లే ఉన్నాయి. నేను నారింజపండు చూడలేదు. నాకు బాగా తెలిసినవాటితో లెక్క పంపు. అప్పుడు తొందరగా చేస్తాను.

ఇట్లు
ఆంజినమ్మ, ఐదో తరగతి


మడకశిర
29 డిసెంబరు 1980

ఐదో తరగతి ఆంజినమ్మకు,

నీ జాబును మా బడిలో పిల్లలకు చదివి వినిపించాను. గోడలు బరువు గదా అన్నచోట ఒక పిల్లాడు లేచి, మరి పైకప్పు ఎవరు మోస్తారు టీచర్ అని అడిగాడు. నిన్ను అడిగి చెబుతానన్నాను. ఇక్కడి పిల్లలు ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. రాత్రి కన్నడంలో కలగని, పొద్దున నాకు తెలుగులో చెబుతారు. సగం కల దారిలోనే పోతుంది.

నీ రాత బాగుంది. అక్షరాలు కొండెక్కే మేకల్లా పైకి పోతున్నాయి, కాస్త నేల మీదకు దించు. వాక్యం అయిపోగానే చుక్క పెట్టు. నీకు ఊపిరి ఆడుతుంది, చదివేవాళ్లకూ ఆడుతుంది.

నాకూ నారింజపండ్లంటే పడదు. నీకు బాగా తెలిసినవాటితోనే లెక్క ఇస్తున్నాను. మీ నాయన మందలో 84 గొర్రెలున్నాయి. దారిలో 12 చనిపోయాయి. మిగిలినవాటిని 6 దొడ్లలో సమంగా ఉంచితే ఒక్కో దొడ్డిలో ఎన్ని ఉంటాయి? మొదట తీసివేత, తర్వాత భాగహారం. పరీక్షలో ఇలాంటిది తప్పకుండా వస్తుంది. సాయంత్రం అందరి ముందు పెద్దగా చదువు, ఓబన్న కూడా లెక్క కట్టి చూస్తాడు.

మా తమ్ముడు చౌడుకు చెప్పు, ఈ జాబులో కూడా వాడున్నాడని.

పైకప్పు సంగతి మరిచిపోకు.

నీ
కదిరమ్మత్త


సుంకప్ప చేను, ఉరవకొండ దగ్గర
17 జనవరి 1981

కదిరమ్మత్తకు దండం.

నీ జాబు సుంకప్ప ఇంట్లో దొరికింది. సాయంత్రం అందరి ముందు చదివాను. కలల సంగతికి అందరూ నవ్వారు. తర్వాత లెక్క చదివాను. ఎవరూ నవ్వలేదు. ఓబన్న చేతిలో సంగటిముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మందను నోటితో లెక్కబెడితిమి గదా" అని నాయన మెల్లగా అన్నాడు. లేచి పోయి పొట్టేలు పక్కన కూర్చున్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం మంద పక్క చేలో పడింది. అది జొన్న కోసిన చేను. నాలుగు చినుకులు పడితే మోళ్ల మీద పచ్చగా పిలకలు వేసింది. కోసిన జొన్నకు వచ్చే పిలక గొర్రెకు విషమని నీకు తెలుసు. అందరూ పరుగెత్తి తోలారు. చింతపండు నీళ్లు పోశారు, బెల్లం నీళ్లు పోశారు. చుక్కది పోయింది. వంకరకొమ్ముది పోయింది. అవ్వ ముద్దుచేసిన ఎర్రది పోయింది. కాటుకకండ్లది పోయింది. ఓబన్న మందలో చెవిటిది పోయింది. కాటుకకండ్లదాని పిల్ల బతికింది. అది ఇంకా పాలు మరవలేదు. నేనే ఎత్తుకుంటున్నాను.

నాయన అందరి ముందు, "ఇది మా అక్క లెక్క" అన్నాడు. "ఇంగ ఆయమ్మ జాబులు ఈడ చదివేది లేదు" అన్నాడు. అమ్మ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

నీ జాబు ఇప్పుడు నా దగ్గర లేదు. ఎక్కడ పోయిందో తెలియదు. లెక్క జవాబు పంపలేను. ఈ జాబు సుంకప్ప కూతురికిచ్చి పోస్టు చేయిస్తున్నాను. నాయనకు తెలియదు.

ఆంజినమ్మ


మడకశిర
30 జనవరి 1981

నా తల్లీ ఆంజినమ్మా,

నువ్వు రాసిన పేర్లు చదువుతూ వేళ్లు ముడిచాను. ముడిచాక తెలిసింది, మళ్లీ లెక్కపెడుతున్నానని. చెయ్యి కొంగులో దాచుకున్నాను.

నాకు ఆరేళ్లప్పుడు దొడ్డిగోడ మీద కూర్చుని ఒకటి, రెండు, మూడు అని మందను లెక్కపెట్టాను. అప్పుడే అంకెలు వచ్చాయి, ఆ సంబరం. మా నాయన కొట్టలేదు. నన్ను గోడ మీద నుంచి దించి, తొట్టి దగ్గరకు తీసుకుపోయి నోరు కడిగించాడు. ఎవరైనా "ఎన్ని ఉండాయప్పా" అని అడిగితే ఆయన జవాబు ఒకటే. "ఉండేటివి ఉండాయి." అంకె నోటికొస్తే మందకు కన్ను తగులుతుందని మనవాళ్ల భయం. సాయంత్రం ఒక్కో ముఖం చూసేవాడు. పిల్ల తల్లి దగ్గర చేరిందా లేదా చూసేవాడు. ఏది రాలేదో పేరుతో చెప్పేవాడు గానీ ఎన్ని వచ్చాయో చెప్పేవాడు కాదు. మీ నాయనా అంతే. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. పదిహేనేళ్లు సుద్దముక్క పట్టుకుని, దాన్నంతా నల్లబల్ల తుడిచినట్టు తుడిచేసుకున్నాను. మంద మనుషుల మధ్య చావు లెక్క చదివించాను. అదీ నీ నోటితో.

అంకెకు చంపే బలం లేదని నాకు తెలుసు. క్లాసులో ఆ మాటే చెబుతాను. అయినా ఆ ఎర్రదాన్ని తలుచుకుంటే కలం కింద పెట్టేస్తున్నాను. మీ అవ్వ పోయేముందు దాని వీపు నిమురుతూ కూర్చునేది.

మా చౌడు నా జాబును పొయ్యిలో వేసి ఉంటాడు. వేయనీ. నాకు వాడి మీద కోపం లేదు. నా వల్ల మీ తండ్రీబిడ్డల మధ్య గొడవ వద్దు. ఇక నేను రాయను. వాచకంలో మిగిలిన పాఠాలు నువ్వే చదువుకో. రాని మాట ఉంటే రెండుసార్లు చదువు, అప్పటికీ రాకపోతే దాటిపో. పరీక్షకు నువ్వు రాకపోవచ్చని గంగాధరప్ప సారుకు రాయాల్సి ఉంది. రెండుసార్లు మొదలుపెట్టాను, రాయలేకపోయాను.

కాటుకదాని పిల్లకు పాలు గుడ్డతో పట్టించు. గుడ్డ కొస ముడివేస్తే తల్లి చన్ను అనుకుంటుంది.

మీ అత్త
కదిరమ్మ


యేసన్న మడి, కాలువ కింద
24 ఫిబ్రవరి 1981

అత్తకు,

నీ జాబు యేసన్నే పొలానికి తెచ్చి నా చేతికిచ్చాడు. నాయన చూశాడు. వద్దనలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఎవరికీ వినబడకుండా చదువుకున్నాను.

ఇక్కడ నీళ్లు నడుస్తాయి. మన ఊళ్లో నీళ్లు బిందెలో కదలకుండా ఉంటాయి, వాటికి అమ్మ కాపలా ఉంటుంది. ఇక్కడి నీళ్లకు ఎవరూ కాపలా లేరు. కాలువగట్టు మీద కూర్చుని చాలాసేపు చూస్తే నీళ్లు ఆగిపోతాయి, గట్టు నడుస్తుంది. నేనూ కాటుకపిల్లా గట్టు మీద కూర్చుని ఎక్కడికో పోతూ ఉంటాము. నిన్న బడి కూడా వచ్చింది. నీళ్ల మీద వచ్చింది, తడవలేదు. సారు రిజిస్టరు తెరిచి పేర్లు పిలిచాడు. అందరి పేర్లూ పిలిచాడు. నా పేరు పిలవకుండానే మూసేశాడు. నేను చెయ్యెత్తాను గానీ సారు చూడలేదు.

అత్తా, నేను నీకు అంతా రాయలేదు.

ఆ రోజు జొన్న చేను గట్టు మీద నాయన నిలబెట్టింది నన్నే. "ఈ గట్టు దాటనీయద్దు మా" అని రెండుసార్లు చెప్పి నీళ్లు తోడడానికి బావికి పోయాడు. నేను నీ జాబు తీశాను. నాయనకు కోపం వచ్చినా నాకు ఆ లెక్క చేయాలనే ఉండింది. జాబు అంచు మీద పెన్సిలుతో తీసివేత చేశాను. డెబ్బైరెండు వచ్చింది. సంతోషమైంది. భాగహారం మొదలుపెట్టాను. ఎండ బాగా ఉండింది. గంట మోగింది. బడి గంట అనుకున్నాను. సారు వచ్చే లోపల లెక్క అయిపోవాలని తలెత్తకుండా రాస్తున్నాను. చానాసేపు మోగాక చూశాను. అది పొట్టేలు గంట. జొన్న చేలో మోగుతోంది.

పరుగెత్తినప్పుడు జాబు ఎక్కడో పడిపోయింది.

అందరూ నీ లెక్క చంపిందంటుంటే నేను ఊరుకున్నాను. చెబితే నన్ను మళ్లీ పుస్తకం ముట్టనివ్వరని భయం. నీకు రాసినప్పుడూ దాచాను. ఎర్రది పోయేటప్పుడు నన్నే చూసింది. అప్పటి నుంచి నేను నడుస్తూ నిద్రపోవడం మానుకున్నాను. కళ్లు తెరుచుకునే నడుస్తున్నాను. బడి కనబడడం కూడా తక్కువైంది.

నువ్వేం తప్పు చేయలేదు. నారింజపండ్లు వద్దన్నది నేనే. సారుకు ఆ జాబు రాయొద్దు.

ఆంజినమ్మ


మడకశిర
5 మార్చి 1981

ఆంజినమ్మా,

నీ జాబు చదివాక మొదట కోపం వచ్చింది. నెలరోజులు నాకు అన్నం సహించలేదే పిల్లా. తర్వాత నవ్వొచ్చింది, నెపం మోసింది నేనా అని. తర్వాత కూర్చుని ఏడ్చాను. మూడూ అయ్యాక పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను. సారుకు ఆ జాబు రాయలేదు, రాయను కూడా.

పదేళ్ల పిల్ల లెక్కలో మునిగిపోతే గొర్రెలు చేలో పడతాయి. చూడమన్నదాన్ని చూడకపోవడం తప్పు, ఆ తప్పు నీదే. లెక్క మీద ఆశపడడం తప్పు కాదు. ఈ రెంటినీ ఒక మూటలో కట్టి నెత్తిన పెట్టుకుని తిరగొద్దు. బరువెక్కువై మెడ వంగిపోతుంది.

కానీ ఈ మాట మీ నాయనకు నువ్వే చెప్పాలి. నేను చెప్పలేను. రాసినా వాడికి చదివి వినిపించాల్సింది నువ్వే గదా. వాడు తిడతాడు, కొట్టినా కొడతాడేమో. పుస్తకం లాక్కుంటే అప్పుడు నేను పొట్టికాలితో అయినా నడిచి వస్తాను. చెప్పకుండా పరీక్ష పాసైతే మాత్రం, హాస్టల్లో అందరూ ఆడుకునే వేళ ఆ ఎర్రది నీ ఎదుట నిలబడుతుంది. నాకు ఆ సంగతి తెలుసు. నెలరోజులు నా ఎదుట నిలబడింది.

మీరు తిరుగు ప్రయాణం కట్టే వేళైంది. సుంకప్ప ఇంట్లో ఒక జాబు, హనుమంతరాయుడి ఇంట్లో ఒక జాబు పెట్టిస్తున్నాను. మొదటిదాంట్లో భిన్నాలు ఉంటాయి, సంగటిముద్దను నాలుగు భాగాలు చేస్తే అవే భిన్నాలు. రెండోదాంట్లో మన జిల్లా పటం ఉంటుంది. మీరు నడిచిన దారి దాని మీద నువ్వే గీయాలి. ఆ పాఠం మాత్రం తక్కిన పిల్లలకంటే నీకే బాగా వస్తుంది.

ఇప్పటికి సగంలో ఆగిన ఆ భాగహారం పూర్తి చేయి. గొర్రెలు కావు, గులకరాళ్లు. రాళ్లకు కన్ను తగిలినా ఏమీ కాదు.

పైకప్పు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ పిల్లాడు రోజూ అడుగుతున్నాడు.

కదిరమ్మత్త


మా ఊరు
24 ఏప్రిల్ 1981

అత్తకు ఆంజినమ్మ దండం పెట్టి రాస్తున్నాను.

పెద్ద జాబు ఇది. రెండు కవర్లలో వస్తుంది. ఒకటే వస్తే రెండోది వచ్చేదాకా ఆగు.

తిరిగి వచ్చేటప్పుడు సుంకప్ప చేనికాడ మళ్లీ మంద నిలిపాము. పొద్దున నాయన అదే గట్టు మీద కూర్చుని వక్కాకు వేసుకుంటున్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. కాటుకపిల్లను గట్టిగా పట్టుకుని, "నాయనా, ఆ పొద్దు నేను జాబు చూస్తా ఉంటిని, మందను చూడలా" అన్నాను.

నాయన నావైపు చూడలేదు. "తెలుసులేమ్మా" అన్నాడు.

వక్కాకు సంచి విప్పి అడుగు నుంచి ఒక కాగితం తీశాడు. నీ జాబే. నాలుగు మడతలు పెట్టి ఉంది, సున్నం అంటుకుని ఉంది. అంచు మీద నా తీసివేత అట్లాగే ఉంది. "బావికాడ్నుంచి వస్తానే సూసినా. గట్టు మీద పడిండె. ఓబన్న రాకముందే తీసి పెట్టుకుంటి" అన్నాడు.

మరి అత్త మీద ఎందుకు చెప్పావని అడిగాను. నాయన వక్కాకు ఉమ్మేశాడు. "అంతమందిలో నీ పేరొస్తే నువ్వు పెద్దయినాంక గూడా, మందను సంపిన పిల్ల ఇదే అంటారు. మా అక్క పెద్దది. దూరంలో ఉండాది. ఒగ మాట ఓర్చుకుంటాది" అన్నాడు.

నాకెందుకు చెప్పలేదన్నాను. "నువ్వే చెప్తావని సూస్తాంటి" అన్నాడు.

నా మీద కోపం రాలేదా అని కూడా అడిగాను. వచ్చిందన్నాడు. ఎర్రదాన్ని పూడ్చేటప్పుడు బాగా వచ్చిందట. తర్వాత నేను కాటుకపిల్లను కింద దించకుండా మోస్తుంటే చూసి చూసి పోయిందట. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. నాయన కంబళి నా మీద వేశాడు. ఎండలో కంబళి ఎందుకని నేను అడగలేదు.

ఆ తర్వాత నాయనే సుంకప్ప ఇంటికి పోయి, "మా అక్క జాబు వచ్చిండాదా" అని అడిగి తెచ్చాడు. సాయంత్రం అందరి ముందు చదివించాడు. ఓబన్న ఏదో అనబోతే, "మా అక్క రాసింది భిన్నాలప్పా, తినేటివి" అన్నాడు. మరుసటి రోజు నేను మళ్లీ నడుస్తూ నిద్రపోయాను. బడి వచ్చింది. పైకప్పును మంద మోస్తోంది, వాటి వీపుల మీద మెత్తగా ఉంది. ఆ పిల్లాడికి చెప్పు.

పరీక్ష రాశాను. తెలుగు బాగా రాశాను. పటంలో మా దారి గీశాను, సారు దాన్ని తక్కినవాళ్లకు చూపించాడు. లెక్కల్లో నాలుగో ప్రశ్న ఇది. "ఒక కాపరి వద్ద 125 గొర్రెలు కలవు. వాటిలో 45 చనిపోయెను. మిగిలినవి 4 దొడ్లలో సమానముగా ఉంచిన ఒక్కొక్క దొడ్డిలో ఎన్ని?" కిటికీలో నుంచి చూస్తే నాయన బయట గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను గొర్రెలు అన్న మాట కొట్టేసి గులకరాళ్లు అని రాశాను. చనిపోయెను కొట్టేసి దొర్లిపోయెను అని రాశాను. జవాబు ఇరవై. సారు పేపరు చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మార్కులన్నీ వేశాడు. బయటికొచ్చి నాయనకు చెబితే, "అవి మనవి కావు గదమ్మా, అట్లే రాసింటే పోయేది" అన్నాడు. కానీ ఇంటికి వచ్చేదాకా నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

నేను పాసయ్యాను. జూన్‌లో కల్యాణదుర్గం పోతాను.

నీ పాత జాబు ఇందులో పెట్టాను. భాగహారం పూర్తి చేశాను. పన్నెండు గులకరాళ్లు.

నాయన రాయమన్న మాట ఇది: "అక్కా, నీ మీద మాట యేసినా. నువ్వొస్తే ఎదురుగా చెప్తా."

ఇట్లు
ఆంజినమ్మ, ఐదో తరగతి పాసు


మడకశిర
28 జూన్ 1981

హాస్టల్లో ఉన్న ఆరో తరగతి ఆంజినమ్మకు,

కల్యాణదుర్గంలో నీకు ట్రంకుపెట్టె పక్కన నిద్ర పట్టడం లేదని రాశావు. నాలుగు గోడలు కదలకుండా నిలబడి ఉంటే నిద్ర రాదా? రెండు నెలల్లో అలవాటవుతుంది. గోడల మీద కోపం పెట్టుకోకు.

పోయిన ఆదివారం మీ ఊరు పోయాను. మృగశిరలో రెండు జల్లులు పడ్డాయి, నేల కాస్త తడిసింది. మా చౌడు బస్సుకు ఎదురొచ్చాడు. ఎదురుగా చెప్తానన్న మాట చెబుతాడేమోనని చూశాను. వాడు నా సంచి తీసుకుని, నా కాలికి తగ్గట్టు మెల్లగా నడుస్తూ, ఇల్లు చేరేదాకా వాన సంగతే మాట్లాడాడు. ఇంటికి పోగానే చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చి నేను తాగేదాకా నిలబడ్డాడు. చెప్పడం అయిపోయిందని నాకు అర్థమైంది. ఖాళీ చెంబు వాడి చేతికిచ్చాను.

సాయంత్రం మంద దొడ్డికి చేరింది. కాటుకపిల్ల పెద్దదైంది. నా కొంగంతా వాసన చూసి, నువ్వు కాదని తెలిసి పోయింది. వాడు దొడ్డివాకిట్లో నిలబడి ఒక్కో ముఖం చూశాడు, మా నాయన చూసినట్టే. ఒక్కో పిల్ల తల్లిని వెతుక్కుని చేరేదాకా ఆగాడు. నాకు ఈసారి బుద్ధొచ్చింది గనక ఎన్ని అని అడగలేదు. అన్నీ వచ్చాయా చౌడూ, అని మాత్రం అడిగాను.

వాడు తడక మూసి తాడు కట్టాడు.

"ఒగటి తక్కువుండాదక్కా" అన్నాడు.

మందకాడ వాడి నోట అంకె వినడం నేను పుట్టాక అదే మొదటిసారి. ఏది రాలేదా అని దొడ్డిలోకి తొంగి చూశాను. వాడు దొడ్డి వైపు చూడడం లేదు. కల్యాణదుర్గం రోడ్డు వైపు చూస్తున్నాడు.

వచ్చే ఆదివారం నిన్ను చూడడానికి వస్తాడు. పాత కంబళి తెచ్చి నీకిస్తాడట. దాని కొస పట్టుకుని నిద్రపో.

కదిరమ్మత్త